అప్పడాల పక్కన నోట్‌బుక్

నేను పంతొమ్మిదేళ్ళు ఓవెన్లు తయారుచేసే కంపెనీలో ఇంజనీరుగా పనిచేశాను. అందులో మొదటి మూడేళ్ళూ మా ఇంట్లో ఓవెన్ వెలిగింది ఒకే ఒక్కసారి. అదీ మేము వెలిగించలేదు.

ఆ ఒక్కసారి గురించే ఇది. ఈ మధ్య నాకు యాభై నిండగానే కంపెనీవారు ముందస్తుగా రిటైర్ చేసి, చేతిలో ఒక గోడగడియారం పెట్టి ఇంటికి పంపారు. ఇక టైము చూసుకోవలసిన అవసరమే లేని మనిషికి గడియారం ఎందుకిస్తారో నాకు తెలియదు. దాని కింద కూర్చుని నా సర్వీసులో చెప్పుకోదగ్గది ఏముందా అని ఆలోచిస్తే, రెండు ప్రమోషన్లూ ఒక పేటెంటూ వెనక్కి తప్పుకుని, ఈ ఓవెన్ ముందుకొచ్చి కూర్చుంది.

ఇప్పుడు శాంటా క్లారాలోనో క్యారీలోనో దిగుతున్న కుర్రవాళ్ళకు మా అవస్థ అర్థం కాదు. మీకోసం ఎయిర్‌పోర్ట్‌కి నలుగురొస్తారు. స్టవ్ ఎలా వెలిగించాలో, డిష్‌వాషర్‌లో ఏ సబ్బు వెయ్యాలో ఐదు నిమిషాల్లో చెప్పేస్తారు. డెబ్బైల చివర్న మేము షికాగో పక్కన షామ్‌బర్గ్‌లో కాపురం పెట్టినప్పుడు చెప్పేవాళ్ళే లేరు. ఉన్న ఒకరిద్దరికీ తెలియదు. తెలియదని వాళ్ళు ఒప్పుకునేవారూ కాదు.

స్నానాల తొట్టి పక్కన వేలాడే ప్లాస్టిక్ తెరను తొట్టి లోపలికి వదలాలని తెలియక బయటికి వదిలి, మొదటి వారంలోనే కింది ఫ్లాట్‌కి ఒక జలపాతం ప్రసాదించాను. కింద ఉండే ముసలావిడ గొడుగు వేసుకుని మెట్లెక్కి వచ్చిందని ఇన్నేళ్ళుగా అందరికీ చెబుతున్నాను. నిజానికి గొడుగు చేతిలో ఉంది, విప్పలేదు. డిష్‌వాషర్‌లో గిన్నెలు తోమే మామూలు సబ్బు పోశాను. నురగ నా మోకాళ్ళ దాకా వచ్చింది. మా ఆవిడ పాదాల దాకానే అంటుంది. ఇంకెవరూ సాక్షులు లేరు కనక నా మాటే చెల్లుతుంది. ఆ రోజుతో డిష్‌వాషర్ యంత్రంగా రిటైరై, గిన్నెల స్టాండుగా కొత్త ఉద్యోగంలో చేరింది. వంటింటి సీలింగుకి అంటించిన పొగ అలారం మరీ విచిత్రం. పోపులో ఎండుమిర్చి పడిందంటే చాలు, ఇల్లు తగలబడుతోందని బిల్డింగంతటికీ చాటింపు వేసేది. దాని బ్యాటరీ ఊడదీసి మా ట్రాన్సిస్టర్ రేడియోలో వేసుకున్నాం. రేడియో చక్కగా పాడింది. అలారం శాశ్వతంగా మౌనవ్రతం పట్టింది.

ఇక ఓవెన్. మేము ఉడికిస్తాం, వేయిస్తాం, ఆవిరి పడతాం, ఎండబెడతాం. మూతవేసిన పెట్టెలో పెట్టి కాల్చే వంట మా వంశంలో ఎవరూ ఎరుగరు. మా ఆవిడ మొదటిసారి దాని తలుపు తెరిచి లోపలికి తొంగిచూసి, "ఏమండీ, ఎంత మంచి అలమారా ఇచ్చారో చూడండి! అరలున్నాయి, గాజు తలుపుంది, లోపల దీపం కూడానూ!" అంది.

పైగా అది వెచ్చటి అలమారా. అప్పటి గ్యాస్ ఓవెన్లలో అడుగున పైలట్ అని ఒక చిన్న నీలిమంట ఇరవైనాలుగు గంటలూ వెలుగుతూనే ఉండేది. దానివల్ల లోపలంతా మన ఊళ్ళో ఫాల్గుణమాసం మధ్యాహ్నంలా ఉండేది. బయట మంచు మోకాళ్ళ లోతున పడుతున్నా మా ఓవెన్‌లో పాలు తోడుకునేవి, ఇడ్లీ పిండి పొంగేది, అప్పడాలు కరకరలాడుతూ ఉండేవి. ఐస్‌క్రీమ్ తిని కడిగి దాచుకున్న ప్లాస్టిక్ డబ్బాల్లో గుమ్మడి వడియాలు, మినప వడియాలు, సగ్గుబియ్యం వడియాలు, వాటి పక్కనే దూరపు చుట్టాలు ఊరమిరపకాయలు, ఇలా ఒక చిన్న జిల్లాకి సరిపడా జనాభా అందులో కాపురముండేది. ఏదైనా తడిసినా అందులోనే పెట్టేవాళ్ళం. మేజోళ్ళు, ఉత్తరాలు, ఒకసారి మా ఆవిడ పాస్‌పోర్ట్ కూడా.

పగలు ఎనిమిది గంటలు నేను ఓవెన్ల ఉష్ణోగ్రతలు కొలిచేవాణ్ణి. సాయంత్రం ఇంటికొచ్చి మా ఓవెన్‌లోంచి ఊరమిరపకాయ తీసి వేయించుకుని పెరుగన్నంలో నంజుకునేవాణ్ణి. ఈ రెంటికీ మధ్య ఏదో పొంతన కుదరడం లేదని నాకెన్నడూ తోచలేదు.

మా ప్రయోగశాలలో ఒక పెద్దాయన ఉండేవారు. టెక్నీషియన్. కాలేజీ మెట్లెక్కలేదు. ముప్పై ఒక్క ఏళ్ళుగా అదే బెంచీ ముందు నిలబడ్డారు. ఓవెన్ తలుపు మీద అరచేయి ఆనించి లోపల ఎన్ని డిగ్రీలుందో చెప్పేవారు, నేను మీటరుతో చూస్తే ఐదు డిగ్రీలు కూడా తేడా వచ్చేది కాదు. నేను చేరిన మొదటి రోజే, "ప్రొఫెసర్, ఇక్కడ సూత్రం ఒక్కటే. ముందు తలుపు తెరిచి లోపల చూడు. ఆ తర్వాతే నాబ్ తిప్పు" అన్నారు. నా పేరు నోరు తిరగక కాదు, నా డిగ్రీని ఆటపట్టించడానికే నన్ను ప్రొఫెసర్ అనేవారు. నేనూ దాన్ని బిరుదులాగే స్వీకరించాను.

ఆయనకి ఒక నోట్‌బుక్ ఉండేది. తోలు అట్ట, మూడు స్టీలు రింగులు, లోపల చేత్తో రాసుకున్న పేజీలు. కంపెనీ ఫారాల్లో 'పాస్', 'ఫెయిల్' అనే రెండు గళ్ళే ఉంటాయి. మనిషి చెప్పదలచుకున్న అసలు సంగతి రాయడానికి వాటిలో చోటుండదు. ఆయన ఆ సంగతులన్నీ తన నోట్‌బుక్‌లో రాసుకునేవారు.

నా మూడో చలికాలంలో ఒక గొడవ పైకొచ్చింది. కంపెనీ కొత్త మోడల్ ఒకటి కేకులు మాడ్చేస్తోందని దేశం నలుమూలల నుంచీ ఉత్తరాలు వచ్చాయి. అమెరికాలో మాడిన కేకు అంటే మామూలు విషయం కాదు, పుట్టినరోజులు ఆగిపోతాయి. ఈ మోడల్‌ని పాస్ చేసిందెవరని హెడ్డాఫీసు అడిగింది. ఫారం మీద పెద్దాయన సంతకం ఉంది.

పెద్దాయన వాదన వేరు. ఆయన పరీక్షించిన నమూనాలో వేడిని కొలిచే సెన్సర్ పై అంచున ఉంది. అప్పటి బాస్, ఖర్చు తగ్గుతుందని, దాన్ని రెండంగుళాలు కిందికి దింపుతామన్నాడు. "దింపితే కేకు మాడుతుంది" అని పెద్దాయన నోటితో చెప్పారు, తేదీ వేసి నోట్‌బుక్‌లో రాసుకున్నారు. ఆ బాస్ తర్వాత వేరే కంపెనీకి వెళ్ళిపోయాడు. ఇప్పుడు మిగిలిన సాక్ష్యం ఆ ఒక్క పేజీ. వచ్చే మంగళవారం హెడ్డాఫీసు నుంచి ఒకాయన వచ్చి విచారిస్తాడని చెప్పారు. పేజీ చూపిస్తే పెద్దాయన ఉద్యోగమూ పేరూ నిలుస్తాయి. లేకపోతే తప్పు ఆయనదే, దారి ఇంటికే.

శుక్రవారం సాయంత్రం ఆయన నోట్‌బుక్ నా చేతిలో పెట్టారు. "ప్రొఫెసర్, నా రాత కోడిగీతల్లా ఉంటుంది. నువ్వు దీన్ని చూసి శుభ్రంగా ఒక చార్ట్ గీసి పెట్టు. చదువుకున్నవాడు గీస్తే వాళ్ళు చదువుతారు" అన్నారు. ముప్పై ఒక్క ఏళ్ళలో ఆ నోట్‌బుక్ ఆయన చేయి దాటడం అదే మొదటిసారి అట. ఆ ముక్క ఆయన చెప్పలేదు, పక్క బెంచీ వాళ్ళు చెప్పారు.

ఆ పేజీ అక్కడే నిలబడి చదివాను. పక్కగదిలో కాపీ మెషీన్ ఉంది. దాని ముందు ముగ్గురు నిలబడి ఉన్నారు. ముగ్గురంటే ముగ్గురే. ఇంటికెళ్ళి తీరిగ్గా రాసుకుందాంలే అనుకున్నాను. నా జీవితంలో నేను తప్పించుకున్న అతి చిన్న క్యూ అది.

పార్కింగ్ లాట్‌లో సగం కరిగిన మంచు మీద కాలు జారింది. నేను పడిన తీరు గురించి మా ఆవిడకి చెప్పినప్పుడు గాలిలో రెండు పల్టీలున్నాయి. వాస్తవంలో ఉన్నది ఒక్క చతికిలపాటు. నోట్‌బుక్ వెళ్ళి బురదనీళ్ళలో పడింది. ఇంటికి తెచ్చేసరికి అంచులన్నీ తడిసి పేజీలు ఒకదానికొకటి అంటుకుంటున్నాయి. సిరా ఇంకా చెదరలేదు.

"అయ్యో, హీటర్ మీద పెట్టండి" అంది మా ఆవిడ.

"హీటర్ మీద పెడితే కాయితం వంకర్లు పోతుంది. పైలట్ మంట వేడి నూరు డిగ్రీల ఫారెన్‌హీట్ దాటదు. సన్నగా, సమంగా ఆరుతుంది. ఓవెన్ల గురించి నాకు చెబుతున్నావా?" అన్నాను.

గుమ్మడి వడియాల డబ్బాకీ అప్పడాల కట్టకీ మధ్య జాగా చేసి నోట్‌బుక్ పెట్టాను. శనివారం తీసి చూశాను. అట్ట దగ్గర ఇంకా తడిగా ఉంది. మళ్ళీ పెట్టాను. ఆదివారం పెద్దాయన భోజనానికి వస్తున్నారు. నేనే పిలిచాను, పన్నెండింటికి. ఆయన వచ్చేలోగా తీసి చార్ట్ మొదలుపెట్టవచ్చని నా పథకం.

మన లెక్కలో పన్నెండింటికి భోజనానికి రమ్మంటే, పన్నెండింటికి అవతలివాళ్ళు స్నానానికి బయల్దేరతారు. ఒంటిగంటన్నరకి తలుపు తడతారు. ఆ వచ్చినందుకు మనం "అంత తొందరపడి వచ్చేశారే" అంటాం. పెద్దాయన పన్నెండింటికి రమ్మంటే పన్నెండింటికే వచ్చారు. గడియారం పన్నెండు కొడుతుండగా తలుపు తట్టారు. నేను అప్పుడు పక్క బ్లాకులో ఉండే వరంగల్ మిత్రుడి ఇంట్లో మడతకుర్చీలు అరువు తెచ్చుకుంటున్నాను. మా ఆవిడ ఇంకా వంటచీరలోనే ఉంది. తలుపు తీసి, ఆయన్ని సోఫాలో కూర్చోబెట్టి, ఇప్పుడే వస్తానని చీర మార్చుకోవడానికి లోపలికి వెళ్ళింది.

ఆయన చేతిలో వాళ్ళావిడ చేసిన ఆపిల్ పై ఉంది, ఆపిల్ ముక్కలు కూరి కాల్చిన తీపి వంటకం. ఆవిడకి జలుబు చేసి రాలేకపోయింది. చలిలో రావడంతో ఆ ఆపిల్ పై చల్లారిపోయింది. అమెరికన్లు చల్లారిన పై వడ్డించరు. ఓవెన్ ముందుగా వేడెక్కించి, తర్వాత పెడతారు. ఆయన వంటింట్లోకి వెళ్ళి, ముప్పై ఒక్క ఏళ్ళ అలవాటు కొద్దీ నాబ్ పట్టుకుని మూడు వందల యాభైకి తిప్పారు. తలుపు తెరిచి చూడలేదు. ఓవెన్ ఇంజనీరు ఇంట్లో ఓవెన్‌లో గాలి తప్ప ఇంకేముంటుంది?

పొగ అలారం అరవలేదు. దాని ప్రాణం రేడియోలో ఉంది.

నేను రెండు చంకల్లో రెండేసి కుర్చీలతో మెట్లెక్కేసరికి, మా తలుపు కిందినుంచి నల్లటి పొగ కార్పెట్ మీద పాకుతూ వస్తోంది. ఈసారి నేనేమీ పెంచి చెప్పడం లేదు. లోపల పెద్దాయన ఓవెన్ తలుపు బార్లా తెరిచి, మా ఆవిడ పట్టుకారుతో అరను బయటికి లాగుతున్నారు. ఐస్‌క్రీమ్ డబ్బాలన్నీ కరిగి ఒక్కటై, అప్పడాలను మింగి, వడియాలను మింగి, చిటపటమంటూ ఉడుకుతున్నాయి. నడుమ ఒక నల్లటి ముద్ద. దాని మీద చిన్న చిన్న మంటలు.

పెద్దాయన సింకులోంచి నీళ్ళు కొట్టి మంట ఆర్పారు. కిటికీలన్నీ తెరిచారు. ఆయన ముఖం పాలిపోయింది.

"ముప్పై ఒక్క ఏళ్ళుగా అందరికీ చెబుతున్నాను, చూసి తిప్పండని. నేనే చూడలేదు. మీ సామానంతా పాడుచేశాను" అన్నారు.

"ఫర్వాలేదు, ఫర్వాలేదు" అన్నాను. 

కిటికీలు తెరిచి ఉండగా, నడి చలికాలంలో, ముగ్గురం ఓవర్‌కోట్లు వేసుకుని ముద్దపప్పూ గుత్తివంకాయ కూరా తిన్నాం. ఆయన వంకాయ రెండుసార్లు వడ్డించుకున్నారు. ఆపిల్ పై మాత్రం ఎవరూ ముట్టుకోలేదు.

తిన్నాక చేతులు తుడుచుకుంటూ, "చార్ట్ అయిందా ప్రొఫెసర్?" అని అడిగారు.

"అయిపోవచ్చింది. నోట్‌బుక్ ఆఫీసులో, నా డ్రాయర్‌లో ఉంది" అన్నాను.

మా ఆవిడ నావైపు చూసింది. ఆయన ఆ నల్లటి ముద్దవైపు ఒకసారి చూసి, కోటు బొత్తాలు పెట్టుకుని వెళ్ళిపోయారు.

"ఏమండీ, చెప్పలేదేం?" అంది మా ఆవిడ తలుపు వెయ్యగానే.

"ఎలా చెప్పను? తన చేత్తోనే తన పుస్తకం కాల్చుకున్నానని తెలిస్తే ఆ మనిషి ఏమైపోతాడు?"

"ఆయన ఏమైపోతారని చెప్పలేదా, మీరేమైపోతారని చెప్పలేదా?"

"రేపు చెబుతాలే."

"రేపు చెప్పేది ఇవాళెందుకు చెప్పకూడదు?"

కుర్చీలు తిరిగిచ్చే నెపంతో బయటపడ్డాను. వరంగల్ మిత్రుడు వీసాల విషయంలో మా కాలనీకంతటికీ ప్రధాన న్యాయమూర్తి. సంగతంతా విని రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు.

"అరె అన్నా, నీకేమన్న పిచ్చి లేసిందా? నీ గ్రీన్ కార్డ్ ఫైల్ ఎవరి టేబుల్ మీదున్నది? మీ మేనేజర్ టేబుల్ మీదనే గదా! ఆఫీస్ రికార్డ్ ఇంటికి తీస్కపోయి, పొయ్యిల పెట్టి కాలవెట్టిన అని ఆయన ముంగట నిలవడి చెప్తవా?"

"పొయ్యి కాదు, ఓవెన్."

"ఏదైతేంది? అండ్ల అప్పడాలు దాస్తరని తెలిస్తే ల్యాబ్ మొత్తం నవ్వి నవ్వి సస్తరు. ఓవెన్ ఇంజనీర్‌కి ఓవెన్ అంటే ఏందో ఎరుకలేదంటరు. ఒక్క నెల నోరు మూస్కొని కూసో. సైన్ చేసినంక ఏమన్న చెప్పుకో."

అతను చెడ్డవాడు కాదు. నేను వినదలచుకున్నదే అతను చెప్పాడు, అంతే. అసలు నన్ను భయపెట్టింది కూడా గ్రీన్ కార్డు కన్నా ఆ నవ్వే. నేను నవ్వించేవాణ్ణి. నన్ను చూసి నవ్వడమన్నది నా లెక్కలో వేరే శాఖ.

సోమవారం నోట్‌బుక్ కనబడటం లేదన్నాను. డ్రాయర్‌లో పెట్టాననుకున్నాననీ, చార్ట్ నిజానికి ఇంకా మొదలే పెట్టలేదనీ అన్నాను. శుక్రవారం పార్కింగ్ లాట్‌లో జారిపడ్డప్పుడు ఎక్కడో పడిపోయి ఉంటుందన్నాను. పడిన మాట నిజమే కనక, అబద్ధానికి ఒక కాలు నిజం మీద ఆనింది.  పెద్దాయన గోడ వారనున్న రెండు మంచు పారలు తీసి ఒకటి నాకిచ్చారు. ఇద్దరం మధ్యాహ్నమంతా పార్కింగ్ లాట్ అంచున పేరుకున్న మంచుగుట్టలు తవ్వాం. ఎక్కడ లేదో కచ్చితంగా తెలిసినచోట ఒక వస్తువును వెతకడం ఎంత కష్టమో చెప్పలేను. చేతులు కొంకర్లు పోయాయి. మధ్యమధ్య ఆయన ఆగి, పార మీద గడ్డం ఆనించి, నన్ను చూసేవారు. నేను ఇంకా గట్టిగా తవ్వేవాణ్ణి.

మంగళవారం ఒక చిన్న గదిలో విచారణ జరిగింది. ఒకవైపు మా మేనేజరు, హెడ్డాఫీసు నుంచి వచ్చినాయన. ఇటువైపు పెద్దాయన, నేను. పెద్దాయన తను రాసిందేమిటో చెప్పారు. హెడ్డాఫీసు ఆయన మర్యాదగా విని, నావైపు తిరిగాడు.

"నోట్‌బుక్ మీ దగ్గర ఉండగా పోయిందట కదా. అంతకుముందు ఆ పేజీ మీరు చదివారా?"

చదివాను. నీలిసిరా. తేదీ కింద రెండు గీతలు. 'సెన్సర్ రెండంగుళాలు దింపుతామంటున్నారు. దింపితే కేకు మాడుతుంది. చెప్పాను. వినలేదు.' ఇవాళ్టికీ కళ్ళు మూసుకుంటే ఆ వంకర అక్షరాలతో సహా కనిపిస్తుంది.

చదివానంటే ఎక్కడ, ఎప్పుడు అని అడుగుతారు. ఆ వెనకే ఎలా పోయిందని అడుగుతారు. ఆ దారి చివర అప్పడాల కట్ట కనిపించింది.

"ఏదో రాసి ఉంది. ఏమిటో సరిగ్గా గుర్తులేదు" అన్నాను.

పెద్దాయన నావైపు చూడలేదు. బల్ల మీద తన రెండు చేతులూ చూసుకున్నారు. హెడ్డాఫీసు ఆయన కాగితం మీద ఏదో రాసుకుని పెన్ను మూత పెట్టాడు. పది నిమిషాల్లో అంతా అయిపోయింది. మర్నాడు పెద్దాయన చేత ముందస్తు రిటైర్మెంట్ కాగితాల మీద సంతకం పెట్టించారు. శుక్రవారం ఆఖరి రోజు.

ఆ శుక్రవారం ఆయన బెంచీ ఖాళీ చేస్తుంటే సాయం చేస్తానని వెళ్ళాను. ఆయన స్క్రూడ్రైవర్లు ఒక్కొక్కటీ గుడ్డతో తుడిచి పెట్టెలో పెట్టుకుంటున్నారు.

"ప్రొఫెసర్, మీ వంటింట్లో మూడు స్టీలు రింగులున్న గిన్నె ఏదన్నా ఉందా?" అన్నారు, తలెత్తకుండా.

నా చేతిలోని స్క్రూడ్రైవర్ బల్ల మీద పెట్టేశాను.

"ఆదివారం ఆ ముద్దలోంచి బయటికి పొడుచుకొచ్చి కనిపించాయి. ముప్పై ఏళ్ళు వాటిని తెరిచీ మూసీ ఈ బొటనవేలు కాయ కట్టింది. గుర్తుపట్టనా?"

"మరి..." అన్నాను. "మరి సోమవారం మంచులో ఎందుకు వెతికారు?"

"నువ్వు వెతుకుతున్నావుగా. ఎంతసేపు వెతుకుతావో చూద్దామని."

ఇంకో స్క్రూడ్రైవర్ తుడిచారు.

"నాబ్ తిప్పింది నేను. కాల్చింది నేను. దానికి నీమీద కోపం లేదు. ఆ మాట ఆ గదిలో నేనే చెప్పేవాణ్ణి. కానీ పేజీలో ఏముందో నేను చెబితే వాళ్ళకి చాలదు, చదివిన మనిషి ఇంకొకడు కావాలి. ఉన్నవాడివి నువ్వొక్కడివే. చెబుతావేమోనని చూశాను. నువ్వు పోయిందన్నాక నేను కాలిందంటే, మనిద్దరిలో ఒకడు అబద్ధాలకోరు అవుతాడు. నీకు ఇంకా ఇక్కడ పనుంది."

పెట్టె మూసి, నా భుజం మీద ఒకసారి తట్టి, వెళ్ళిపోయారు.

పిల్లలూ, ఆ క్షణంలో నేను పరుగున మేనేజరు గదికి వెళ్ళి ఉంటానని మీరు అనుకుంటారు. ఇన్ని కోతలు కోసేవాణ్ణి, ఆ ఒక్క కోత కూడా కోసి ఉండవచ్చు. వెళ్ళలేదు. ఒక నెల ఆగాను. గ్రీన్ కార్డు కాగితాల మీద మేనేజరు సంతకం పెట్టి, కవరు పోస్టులో పడిన మర్నాడు నాకు ధైర్యం వచ్చింది. అంత నిక్కచ్చిగా వేళ చూసుకుని వచ్చే ధైర్యాన్ని ఏమనాలో మీరే చెప్పండి.

మేనేజరు గదిలో నిలబడి మొదటినుంచి చివరిదాకా చెప్పాను. పైలట్ మంట, అప్పడాలు, ఊరమిరపకాయలు, ఐస్‌క్రీమ్ డబ్బాలు. సగం చెప్పేసరికే ఆయన బల్ల మీద తల ఆనించి నవ్వడం మొదలుపెట్టాడు. కళ్ళ నీళ్ళు తుడుచుకుని, "అంటే మూడేళ్ళుగా నువ్వు ఓవెన్‌ని బీరువాగా వాడుతున్నావా?" అన్నాడు. తలుపు తెరిచి ఉంది. పక్కగదిలో ఇద్దరు విన్నారు. సాయంత్రానికి ల్యాబంతా విన్నది. ఎవరో నా బెంచీ మీది ఓవెన్‌లో ఒక జత మేజోళ్ళు మడతపెట్టి ఉంచారు. మర్నాడు ఇంకెవరో అందులో నా లంచ్ బాక్స్ దాచారు. ఆ మర్నాడు ఎవరికీ గుర్తులేదు. వాళ్ళు బేస్‌బాల్ గురించి మాట్లాడుకుంటున్నారు.

నవ్వు ఆగాక మేనేజరు అడిగిన మాట మాత్రం నాతో ఉండిపోయింది. "ఇంతకీ ఆ పేజీలో ఏముందో నీకు గుర్తుందా?"

చెప్పాను. అక్షరం పొల్లుపోకుండా.

ఆయన ముఖంలో నవ్వు పోయింది. "పుస్తకం లేకపోతే ఏం? నువ్వు చదివానని ఆ రోజు ఈ నాలుగు ముక్కలు చెబితే చాలేది కదా" అన్నాడు. హెడ్డాఫీసుకి ఉత్తరం రాశాడు. కాగితాలన్నీ ముగిశాయని, ఆ స్థానంలో వేరే మనిషిని తీసుకున్నామని జవాబొచ్చింది.

ఆ జవాబు వచ్చిన మధ్యాహ్నం పెద్దాయనకి ఫోన్ చేశాను. వాళ్ళావిడ తీసి, గరాజ్‌లో ఉన్నారని చెప్పి, పిలిచింది. ఆయన రావడానికి చాలాసేపు పట్టింది.

"మేనేజరుకి చెప్పేశాను" అన్నాను.

"అంతా చెప్పావా? ఆ గుండ్రటి చిప్స్ సంగతి కూడా?"

"అన్నీ చెప్పాను."

"నవ్వారా?"

"నవ్వారు."

"ఎన్నాళ్ళు?"

"రెండు రోజులు."

 

"రెండు రోజులేనా?" అన్నారాయన. "ఆ సోమవారమే చెప్పి ఉంటే అందరికన్నా గట్టిగా నేనే నవ్వేవాణ్ణి ప్రొఫెసర్. నవ్వి, బుధవారం మళ్ళీ పనికి వచ్చేవాణ్ణి."